బిడ్డ కొరకు ప్రయాణము: చివరి సన్నాహములు

ప్రయాణములు అనేకవిధములు. తీర్థయాత్రకు పోవువాడు పుణ్యమును, వర్తకమునకు పోవువాడు లాభమును, విద్యకు పోవువాడు పట్టమును తెచ్చుకొనవలెనని బయలుదేరును. ఈనాడు నేను ప్రస్తావింపబోవు ప్రయాణము వీటిలో దేనికిని చెందదు. ఇద్దరు బయలుదేరి ముగ్గురుగా తిరిగి వచ్చు ప్రయాణమిది. కన్నవారి నీడ కోల్పోయిన ఒక దేశపు శిశువును మరియొక దేశమునందలి దంపతులు తమ బిడ్డగా స్వీకరించి, ఇంటికి తీసికొనిపోవుటకై చేయు ప్రయాణము.

ఇంట ఒక బిడ్డ పుట్టబోవుచున్నదని తెలిసినప్పుడు మనవారు చేయు సన్నాహములు శ్రోతలకు తెలియనివి కావు. పాత చీరలతో బొంతలు కుట్టుదురు. అటక మీది ఊయల దింపి తుడుతురు. బాలింత కొరకు శొంఠి, మిరియాలు, వెల్లుల్లి సమకూర్చుకొందురు. ఆ బిడ్డ ఆడో మగో, ఎవరి పోలికో తెలియదు. కాని వచ్చు దినము మాత్రము దాదాపుగా తెలియును. దత్తత విషయమున ఇది తారుమారు. బిడ్డ ఎవరో ముందే తెలియును. ఫోటో చేతిలో ఉన్నది. పేరు, వయస్సు, ఎత్తు, బరువు కాగితముపై ఉన్నవి. ఎన్నడు ఇల్లు చేరునో అది మాత్రము తెలియదు. ఏండ్ల తరబడి నిరీక్షించిన పిమ్మట ఒకనాడు ‘బయలుదేరి రండి’ అను వార్త వచ్చును. ఆ వార్తకును విమానమెక్కుటకును నడుమనుండు కొలది వారములే నేటి ప్రసంగమునకు విషయము.

మన దేశమునకు ఇట్లు వచ్చువారిలో ఇటలీ, స్పెయిన్, అమెరికా మొదలగు దేశముల వారు కలరు. ఆయా దేశములలో స్థిరపడిన మన తెలుగువారును కలరు. 2023-24 సంవత్సరమున భారతదేశమున జరిగిన దత్తతలు నాలుగువేల పైచిలుకు. అందులో సుమారు 450 మంది పిల్లలు విదేశములకు వెళ్లిరి. మన జిల్లాలలోని శిశుగృహములనుండి వెళ్లినవారును వీరిలో కొందరుందురు. ఒక విషయము గమనింపదగినది. దేశములోని దంపతులు ఎక్కువగా నెలల శిశువును, ఆరోగ్యవంతమైన శిశువును కోరుదురు. కావున విదేశములకు పోవు పిల్లలలో పెక్కుమంది వయస్సు వచ్చినవారు, లేదా వైద్యము అవసరమైనవారు, లేదా విడదీయరాని అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు. అనగా బయలుదేరుచున్న తల్లిదండ్రులకు ఎదురుపడబోవునది ఏమియు తెలియని పసిగుడ్డు కాదు. ఆరేండ్ల, ఎనిమిదేండ్ల జ్ఞాపకములు, ఇష్టానిష్టములు, భయములు గల ఒక చిన్న మనిషి. సన్నాహములన్నియు ఈ ఒక్క మాటను దృష్టిలో ఉంచుకొని చేయవలెను.

ఈ ప్రయాణమునకు ఇన్ని కాగితములేల యని విసుగుకొనువారు కలరు. ఆ కాగితముల వెనుక ఒక చరిత్ర ఉన్నది. పూర్వము విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద శిశువునకు సంరక్షకులుగా నియుక్తులై, తమ దేశమునకు పోయి అక్కడ దత్తత జరుపుకొనెడివారు. ఆ ఏర్పాటున అక్రమములు జరుగుచున్నవని లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది సుప్రీంకోర్టునకు ఉత్తరము వ్రాయగా, న్యాయస్థానము దానినే అర్జీగా స్వీకరించి 1984లో విపులమైన కట్టుబాట్లు విధించెను. 1990లో ‘కారా’ అను కేంద్ర సంస్థ ఏర్పడెను. 1993లో హేగ్ నగరమున ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. మన దేశము దానిని 2003లో ధ్రువీకరించెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము ‘కారా’కు చట్టబద్ధమైన ప్రతిపత్తి కల్పించెను. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తరువులు ఇచ్చు అధికారము న్యాయస్థానములనుండి జిల్లా మేజిస్ట్రేటులకు, అనగా మన కలెక్టరులకు, సంక్రమించినది.

ఈ చరిత్రలో మన తెలుగునేలకు సంబంధించిన బాధాకరమైన పుట ఒకటి కలదు. 1999లోను, తిరిగి 2001లోను, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కొన్ని దత్తత సంస్థల వ్యవహారము బయటపడినది. దళారులు లంబాడీ తండాలలో తిరిగి, పేద తల్లుల ఒడిలోని ఆడశిశువులను కొద్దిపాటి డబ్బునకు కొని సంస్థలకు చేర్చుచుండిరని తేలినది. పేదరికము వలన గాని, ఆడపిల్ల పుట్టినదను కారణము వలన గాని బిడ్డను వదలుకొనుటకు వీలులేదని 2001లో ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ శిశువులను పొందగోరిన విదేశీయులలో పెక్కుమంది నిష్కపటులు. వారు నమ్మిన కాగితములు కపటమైనవి. కావున బయలుదేరుటకు ముందు చేయవలసిన మొట్టమొదటి పని పెట్టె సర్దుట కాదు. బిడ్డకు సంబంధించిన పత్రములను మరల ఒకసారి తీరికగా చదువుట. ఈ బిడ్డ ఎక్కడ దొరికెను? ఎవరు తెచ్చి అప్పగించిరి? కన్నవారి కొరకు వెదకిరా? శిశుసంక్షేమ సమితి ఈ బిడ్డ దత్తతకు అర్హమని ఏ తేదీన ప్రకటించెను? ఈ ప్రశ్నలకు పత్రములలో సమాధానము లేకున్నచో, అడుగుటకు సంకోచింపరాదు. ఇరువది ఏండ్ల తరువాత ఇవే ప్రశ్నలను ఆ బిడ్డయే అడుగును. ఆనాడు సమాధానము చెప్పవలసినవారు ఈ తల్లిదండ్రులే.

ఇక కాగితముల మూట. బిడ్డను స్వీకరించుటకు అంగీకారము తెలిపిన పిదప, స్వీకరించు దేశము తన సమ్మతిని తెలుపును. అంతట ‘కారా’ నిరభ్యంతర పత్రము ఇచ్చును. పిమ్మట జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువు, హేగ్ ఒడంబడికకు అనుగుణముగా దత్తత జరిగినదని తెలుపు ధ్రువపత్రము, క్రొత్త జనన ధ్రువపత్రము, బిడ్డ పాస్‌పోర్టు, అటుపై స్వీకరించు దేశపు వీసా. గొలుసులోని కడియములవలె ఇవి ఒకదానిని ఒకటి పట్టుకొని ఉండును. ముందరిది చేతికి రానిదే వెనుకటిది కదలదు. వీటన్నింటిలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఒక్క తీరుగా ఉన్నవా యని అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. ఉత్తరువులో ఒక విధముగాను, పాస్‌పోర్టులో మరియొక విధముగాను ఉన్న ఒక్క అక్షరము వారముల కాలమును హరింపగలదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చుట, విదేశీ పత్రములలో వెనుక వచ్చుట ఇట్టి చిక్కులకు మూలము.

ప్రతి పత్రమునకు రెండేసి నకళ్లు తీయించి, ఒక కట్ట భర్త సంచిలోను, మరియొక కట్ట భార్య సంచిలోను ఉంచుకొనుట మేలు. మరియొకటి ఇంటివద్ద నమ్మకమైన వ్యక్తి చేతిలో ఉండవలెను. అసలు పత్రములను విమానమున సామానులతో పాటు వేయరాదు, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. తిరుగు ప్రయాణపు టిక్కెట్టును తేదీ మార్చుకొనుటకు వీలున్న విధముగానే కొనవలెను. అమెరికాకు తీసికొనిపోవు పిల్లలకు దత్తత వీసాను ఢిల్లీలోని రాయబార కార్యాలయమున పొందవలసి యుండును. కావున హైదరాబాదునుండియో, విశాఖపట్నమునుండియో బిడ్డను తీసికొనువారు ఢిల్లీలో కొన్నాళ్లు గడుపుటకు సిద్ధపడి రావలెను. ఆ కొన్నాళ్లు సత్రపు జీవితము కాక, బిడ్డతో కలిసి వండుకొని తినుటకు వీలైన ఒక చిన్న బస చూచుకొన్నచో సగము శ్రమ తగ్గును.

డబ్బు విషయమున ఒక్క మాట. నియమావళిలో నిర్ణయించిన రుసుము తప్ప మరేమియు చెల్లింపనవసరము లేదు, చెల్లింపరాదు. ఎవరైన ‘పని త్వరగా కావలెనన్నచో’ అని మాట మొదలుపెట్టిన, అక్కడనే ఆపివేయుట ఉత్తమము. కృతజ్ఞతతో ఏదో ఒకటి ఇవ్వవలెనని మంచి మనస్సునకు తోచుట సహజమే. కాని బిడ్డ చేతులు మారు సమయమున చేతులు మారిన కానుకకు ఏ పేరు పెట్టినను, చూచువారికి అది వెల వలెనే కనబడును. ఆయాలకు, వంటవారికి, తోటి పిల్లలకు మిఠాయి పంచుట వేరు; అది వేడుక. అంతకు మించినది నియమములను అడిగి తెలిసికొని చేయవలెను.

ఆరోగ్యము విషయమున మూడు విధములైన సన్నాహములు కలవు. మొదటిది, శిశువు వైద్య నివేదికను ఒక పిల్లల వైద్యునికి చూపించి, తెలియని మాటలకు అర్థము చెప్పించుకొనుట. నివేదికలో వ్రాసినది అంతయు నిజమే యైనను, వ్రాయనిది కొంత ఉండవచ్చును. కావున ఇల్లు చేరిన కొలది దినములలోనే సంపూర్ణ పరీక్షకు ఇప్పుడే ఏర్పాటు చేసికొనవలెను. చూపు, వినికిడి, రక్తహీనత, కడుపులోని పురుగులు, క్షయ, కామెర్లకు సంబంధించిన పరీక్షలు అందులో ముఖ్యమైనవి. భుజముపై బి.సి.జి. టీకా మచ్చ ఉన్నంత మాత్రమున క్షయ లేదని అనుకొనరాదు.

రెండవది, ఇంటివారి ఆరోగ్యము. దీనిని పెక్కుమంది మరచిపోదురు. ఊరు విడిచి పోవువారు టీకాలు వేయించుకొందురు గాని, ఇంట వేచియుండు అవ్వా తాతలకు తోచదు. హెపటైటిస్-ఎ అను ఒక రకపు కామెర్లు చిన్నపిల్లలలో పైకి లక్షణములు చూపకయే ఉండి, వారిని ముద్దాడిన పెద్దలకు సోకవచ్చును. కావుననే అమెరికాలోని టీకాల సలహా సంఘము 2009లో, ఈ వ్యాధి వ్యాపించియున్న దేశములనుండి దత్తత పిల్లలు వచ్చునప్పుడు, మొదటి రెండు నెలలు వారితో దగ్గరగా మెలగువారందరు ముందుగానే టీకా వేయించుకొనవలెనని సూచించెను. బిడ్డ వచ్చుటకు కనీసము రెండు వారములు ముందుగా ఇది జరుగవలెను. మూడవది, చిన్న మందుల సంచి. జ్వరమునకు, విరేచనములకు, గజ్జికి, తలలోని పేలకు వలసినవి వైద్యుని అడిగి బిడ్డ బరువునకు తగిన మోతాదు వ్రాయించుకొని తెచ్చుకొనవలెను. గజ్జి, పేలు అనగానే ముఖము చిట్లించువారు, నలుబది మంది పిల్లలు ఒక్కచోట పెరుగు ఇంట అవి ఎవరి తప్పిదమును కాదని గ్రహింపవలెను.

ఇక బట్టలు, ఆటవస్తువులు. దుకాణములో ‘ఆరేండ్ల పిల్లకు’ అని అడిగి కొన్న గౌను మన శిశుగృహపు ఆరేండ్ల పిల్లకు నాలుగు వ్రేళ్లు వదులుగా ఉండును. నివేదికలోని ఎత్తు, బరువులను బట్టి కొనవలెను. అదియును రెండు మూడు జతలకు మించి వలదు. చెప్పులకు పాదపు కొలత ముందుగా అడిగి తెప్పించుకొనవచ్చును. పెట్టెనిండ బొమ్మలు తెచ్చుట మంచి ఉద్దేశ్యమే గాని, తనదని చెప్పుకొనుటకు ఇంతవరకు ఒక్క వస్తువు లేని బిడ్డ ముందు ఇరువది వస్తువులు ఒక్కసారిగా పరచినచో సంతోషమునకు బదులు కలవరము కలుగును. ఒక బొమ్మ, ఒక బంతి, రంగుపెన్సిళ్లు చాలును. బిడ్డ తాను కప్పుకొనుచున్న పాత దుప్పటిని గాని, తన చినిగిన చొక్కాను గాని వెంట తెచ్చుకొనుటకు సంస్థవారు అనుమతించినచో, దానిని ఉతుకక తీసికొనిపొండు. ఆ వాసన ఆ బిడ్డకు తెలిసిన లోకము. పరాయి దేశపు మొదటి రాత్రులందు నిద్రపట్టించునది క్రొత్త పట్టుపరుపు కాదు, ఆ పాత గుడ్డయే.

ఈ చివరి వారములలో సముద్రమునకు ఆవలి యొడ్డున మరియొక సన్నాహము జరుగవలసియున్నది. అది బిడ్డను సిద్ధపరచుట. తల్లిదండ్రులు తమ ఫోటోలు, ఇంటి ఫోటో, పడుకొను గది, వాకిటిలోని చెట్టు, పెంపుడు కుక్క — ఇవి గల చిన్న పుస్తకమొకటి సంస్థ ద్వారా ముందుగా పంపినచో, ఆయా దానిని రోజును చూపుచు ‘ఇదిగో మీ అమ్మ, ఇదిగో మీ నాన్న’ అని చెప్పగలదు. నేడు ఫోనులో ముఖములు చూచుకొని మాటలాడు సౌకర్యము కలదు. సంస్థ అనుమతితో దానిని వినియోగింపవచ్చును. కాని మొదటిసారి మాటలాడినప్పుడు బిడ్డ తల వంచుకొని మౌనముగా ఉన్నచో నిరాశ పడరాదు. ఎవరో తెలియని ఇద్దరు ఒక గాజుపలక వెనుకనుండి నవ్వుచున్నారు. ఆ నవ్వునకు అర్థమేమో తెలిసికొనుటకు బిడ్డకు కొంత వ్యవధి కావలెను.

తల్లిదండ్రులకిది రాక, బిడ్డకు మాత్రము పోక. ఈ భేదమును మరువరాదు. వచ్చువారికి పూలదండలు, మిఠాయిలు, ఫోటోలు. పోవు బిడ్డకు అన్నము తినిపించిన ఆయా, ప్రక్కన పడుకొన్న స్నేహితురాలు, వెనుకవైపు జామచెట్టు, సాయంకాలపు ప్రార్థన — అన్నియు ఒక్క దినమున దూరమగును. ఒకసారి కన్నవారిని కోల్పోయిన ప్రాణమునకు ఇది రెండవ ఎడబాటు. అందువలన బిడ్డను తొందరగా కారెక్కించుకొని పోవుట తగదు. అందరియొద్ద సెలవు తీసికొనుటకు సమయమియ్యవలెను. ఆయా కంట తడిపెట్టిన పెట్టనిండు. ఆమెయే బిడ్డ చేయి పట్టుకొని వచ్చి తల్లి చేతిలో పెట్టుట అన్నిటికంటె ఉత్తమమైన పద్ధతి. తాను నమ్మిన మనిషి నమ్మిన మనిషిని నమ్ముట బిడ్డకు తేలిక.

భాష సంగతి చెప్పవలెను. మన శిశుగృహమునుండి పోవు బిడ్డకు తెలిసినది తెలుగు ఒక్కటే. విమానము దిగిన మరునాటినుండి తన మాట ఎవరికిని తెలియని లోకమున ఆ బిడ్డ అడుగిడును. కావున ఇటలీనుండి వచ్చినను, టెక్సాసునుండి వచ్చినను, తల్లిదండ్రులు బయలుదేరుటకు ముందే ఒక ముప్పది మాటలైన నేర్చుకొని రావలెను. గ్రంథములలోని తెలుగు కాదు. ఆయా నోటి తెలుగు. ‘ఆకలేస్తోందా?’, ‘నొప్పిగా ఉందా?’, ‘దాహమా?’, ‘ఒంటికి పోవాలా?’, ‘భయపడకు కన్నా’, ‘నేనిక్కడే ఉన్నా’, ‘మళ్లీ వస్తా’. ఈ ఏడు వాక్యములతో మొదటి వారము గడచును. వీనిలో చివరిది అన్నిటికంటె ముఖ్యము. తల్లి స్నానమునకు లోపలికి పోయినను, తండ్రి దుకాణమునకు పోయినను, ఇక తిరిగి రారేమో యని బిడ్డ తలుపువద్ద నిలుచుండును. ‘మళ్లీ వస్తా’ అని చెప్పి, చెప్పిన ప్రకారము తిరిగి వచ్చుట పదిసార్లు, నూరుసార్లు జరిగిన పిదపనే ఆ మాట మీద బిడ్డకు గురి కుదురును. చిన్నపిల్లలు క్రొత్త భాషను త్వరగా పట్టుకొందురు. పాత భాషను అంతకంటె త్వరగా జారవిడుచుదురు. కొన్ని నెలలలోనే తెలుగు మరుగుపడిపోవచ్చును. దానిని కొంతైన నిలుపగోరువారు ఆయా పాడు జోలపాటను, తోటి పిల్లల మాటలను, బిడ్డ తన మాటలలో చెప్పుకొన్న కబుర్లను రికార్డు చేసికొని పోవుట మంచిది.

వెడలుటకు ముందే ఒక ప్రశ్నల పట్టిక వ్రాసికొని రావలెను. అక్కడ చేరిన పిమ్మట ఉద్వేగములో ఏదియు జ్ఞాపకము రాదు. ఏ వేళకు నిద్రలేచును? అన్నములో పప్పు ఇష్టమా, పెరుగు ఇష్టమా? కారము ఎంత? దీపము ఉంచవలెనా, ఆర్పవలెనా? దేనికి భయము? ఏ పాటకు నిద్రపోవును? ముద్దుపేరు ఏది? ఇవి నేటి అవసరములు. రేపటి అవసరములు వేరుగా ఉన్నవి. ఆ పేరు ఎవరు పెట్టిరి? వచ్చిననాడు ఒంటిమీద ఏ బట్ట ఉన్నది? ఏ ఊరు, ఏ వీధి? ఆ స్థలమును దూరమునుండియైన ఒకసారి చూచి, ఫోటో తీసికొనుట సాధ్యమా? హేగ్ ఒడంబడిక ముప్పదవ అధికరణము బిడ్డ పుట్టుపూర్వోత్తరములకు సంబంధించిన సమాచారమును భద్రపరుపవలెనని ప్రభుత్వములను శాసించుచున్నది. ప్రభుత్వపు అలమారలో ఉండు దస్త్రము ఒకటి. తల్లి చెప్పగల కథ మరియొకటి. రెండును కావలెను.

తెలుగుదేశమునుండి పోయి విదేశములలో స్థిరపడిన దంపతులకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు కలవు. వారికి భాష తెలియును, వంట తెలియును. అది గొప్ప సౌకర్యము. కాని బంధువర్గము కూడ ఉన్నది. బిడ్డను చేతికి తీసికొన్న మరునాడే ఊరికి పోయి, రెండు వందల మంది ముందు నిలువబెట్టి, ప్రతివారి ఒడిలో కూర్చుండబెట్టుట మనవారికి వేడుక. ఆ బిడ్డకది అగ్నిపరీక్ష. తల్లి ఎవరో తండ్రి ఎవరో ఇంకను రూఢిపడని స్థితిలో ఇరువది మంది అత్తయ్యలు, పిన్నులు ఎత్తుకొన్నచో, ఎవరిని పట్టుకొనవలెనో తెలియక అందరివద్దకు పోవును, లేదా ఎవరివద్దకును పోదు. కొన్ని వారములపాటు అన్నము తినిపించుట, స్నానము చేయించుట, నిద్రపుచ్చుట తల్లిదండ్రులే చేయవలెనని బంధువులకు ముందుగానే మెల్లగా చెప్పి ఉంచవలెను. బిడ్డ చెవిని పడునట్లు కులమెవరిదో, రంగు ఎవరిదో అను చర్చలు వలదనియు, ‘పెంపుడు’ అను విశేషణము అవసరము లేదనియు అప్పుడే చెప్పవలెను. అవ్వా తాతల సమ్మతి కూడ ప్రయాణ సన్నాహములలో ఒకటి.

మరియొక అపోహ కలదు. అక్కబిడ్డనో, తమ్ముని బిడ్డనో దత్తత చేసికొని, దత్తపత్రము రిజిస్టరు చేయించినచో వెంటబెట్టుకొని పోవచ్చునని మనవారు పలువురు భావింతురు. బంధువుల బిడ్డయైనను దేశము దాటి పోవునప్పుడు ‘కారా’ నిరభ్యంతర పత్రము, స్వీకరించు దేశపు సమ్మతి తప్పవు. ఈ సంగతి తెలియక దత్తహోమము జరిపించి, బిడ్డకు ఆశ పెట్టి, వీసా రాక ఒంటరిగా తిరిగి పోవు దంపతుల దుఃఖము కంటె, వీధి అరుగుమీద కూర్చుండి వారికొరకు ఎదురుచూచు బిడ్డ దుఃఖము పెద్దది. కావున మాట ఇచ్చుటకు ముందే విచారించుకొనవలెను.

ఇల్లు చేరుటతో సన్నాహములు ముగియునని అనుకొనరాదు. మొదటి సంవత్సరము మూడు నెలలకొకసారి, రెండవ సంవత్సరము ఆరు నెలలకొకసారి, మొత్తము ఆరు నివేదికలు బిడ్డ క్షేమమును గూర్చి మన దేశమునకు పంపవలసియుండును. ఇది నిఘా కాదు. పంపిన పుట్టింటివారు అడిగెడి కుశలప్రశ్న. అంతకంటె ముఖ్యమైనది పౌరసత్వము. అమెరికాలో 2000 నాటి చట్టము ప్రకారము, సంపూర్ణ దత్తత జరిగి తగిన వీసాతో వచ్చిన బిడ్డకు ఆ దేశమున కాలుమోపిన దినముననే పౌరసత్వము కలుగును. ఆ చట్టము అమలునకు వచ్చిన 2001 ఫిబ్రవరి నాటికే పదునెనిమిది ఏండ్లు నిండినవారికి అది వర్తింపలేదు. పసితనమున దత్తత పోయి, తల్లిదండ్రులు ఒక కాగితము పూర్తి చేయుట మరచిన కారణమున, పెద్దవారై పరదేశులుగా పరిగణింపబడి, భాష కూడ తెలియని జన్మదేశమునకు పంపివేయబడినవారు కలరు. ధ్రువపత్రము చేతికి వచ్చువరకు తల్లిదండ్రులు విశ్రమింపరాదు.

మన పురాణములలో పెంపుడు బిడ్డల కథలకు కొదవ లేదు. కణ్వమహర్షి అడవిలో పక్షులు కాచుచున్న శిశువును చూచి, ఎత్తుకొని వచ్చి, ఆ పక్షుల పేరునే శకుంతలయని పెట్టెను. ఆమె జన్మవృత్తాంతమును ఆయన దాచలేదు. మహాభారతమున దుష్యంతుడు అడిగినప్పుడు ఆమె తన పుట్టుకను తడబాటు లేకుండ తానే చెప్పగలిగెను. తండ్రి ఒక మునికి చెప్పగా విని యుండెను. కర్ణుని కథ వేరు. రాధ పెంపకమున లోపము లేదు. ఆ ప్రేమను అతడు కడవరకు గౌరవించెను. కాని తన పుట్టుక సంగతి అతనికి యుద్ధము వాకిట నిలిచిననాడు గాని తెలియలేదు. అప్పటికి ఆ నిజముతో చేయగలిగినది ఏమియు లేకపోయెను. నిజమును ఆలస్యముగా చెప్పుటయు ఒక విధముగా దాచుటయే. బిడ్డకు తన కథ తెలియని దినమంటూ ఒకటి ఉండకూడదు. ఊహ తెలిసిననాటినుండి చందమామ కథతో పాటు ఆ కథయు వినుచు పెరిగినచో, అది గాయముగా గాక జ్ఞాపకముగా నిలుచును.

ప్రయాణపు ముందునాటి రాత్రి పెట్టెలు సర్ది, కాగితములు లెక్కపెట్టి, తలుపు ప్రక్కన చెప్పులు పెట్టుకొని కూర్చున్నప్పుడు దంపతులకు ఒక భయము కలుగును. ‘ఆ బిడ్డ మమ్ము ప్రేమించునా?’ అని. అది సహజమైన భయమే గాని, ఆ రాత్రికి తగిన ప్రశ్న కాదు. ప్రేమించుట బిడ్డ బాధ్యత కాదు. రానురాను కలుగు భాగ్యము. మొదటి దినమున ఏడ్చినను, మొదటి నెలలో ముఖము త్రిప్పుకొన్నను, మొదటి సంవత్సరమున ‘నన్ను మా ఇంటికి పంపండి’ అన్నను, అది కృతఘ్నత కాదు. విడిచి వచ్చిన చోటును ప్రేమింపగలిగిన బిడ్డ, చేరిన చోటును కూడ ప్రేమింపగలదు. ఆ దినము వచ్చువరకు వేళకు అన్నము పెట్టుచు, చెప్పిన మాట తప్పక, పిలిచిన వెంటనే పలుకుచు నిలిచియుండు ఓర్పు కావలెను. పట్టికలో వ్రాయుటకు వీలులేని సన్నాహము ఇదియొక్కటే. దీనిని సమకూర్చుకొనుటకు దేశముతోను, చట్టముతోను పని లేదు. కడుపున పుట్టిన బిడ్డను పెంచు తల్లిదండ్రులకును ఇది అవసరమే.